నక్షత్రమండలం, నక్షత్రగుచ్ఛం, నీహారిక, గెలాక్సీ: వీటి మధ్య తేడా ఎలా పట్టుకోవాలి?

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవి. ఖగోళశాస్త్రం చదవడం మొదలుపెట్టారు. నక్షత్రమండలం, నక్షత్రగుచ్ఛం, నీహారిక, గెలాక్సీ అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. కాంతి సంవత్సరం కాలమా, దూరమా అన్న దగ్గర ఆగిపోయారు. ప్రకాశానికి మైనస్ అంకెలు ఎందుకు వేస్తారో తెలియలేదు. బ్లాక్ హోల్ చుట్టూ ఉన్నవన్నీ లాగేసుకుంటుందన్నది నిజమా అని అడిగారు. చివరగా, ఒకే నక్షత్రం దూరం ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటే ఏది నమ్మాలన్నారు.

కొత్తగా చూసేవాళ్లకు టెలిస్కోప్ దగ్గర నిలబడి ఆకాశం చూపించడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. దాదాపు అందరూ తికమకపడేది ఇక్కడే. కారణం కూడా ఒక్కటే. ఆకాశంలో లోతు మన కంటికి తెలియదు. చంద్రుడు, గ్రహాలు, చుక్కలు, గెలాక్సీలు అన్నీ ఒకే కప్పుకి అతికించినట్టు కనిపిస్తాయి. మనుషులు వేల ఏళ్లు అలాగే చూసి పేర్లు పెట్టారు. దూరాలు కొలవడం వచ్చాక ఇంకో రకం పేర్లు వచ్చి చేరాయి. ఇప్పుడు పుస్తకాల్లో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఏ మాట ఎదురైనా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఇక్కడి నుంచి కనిపించే తీరుకి పెట్టిన పేరా, అక్కడ నిజంగా ఉన్నదానికి పెట్టిన పేరా?

నక్షత్రమండలం మొదటి రకం. భూమ్మీద నుంచి చూస్తే ఒకే దిక్కున ఉన్న చుక్కలను కలిపి గీసుకున్న బొమ్మ అది. ఆ చుక్కల మధ్య ఏ బంధమూ ఉండాల్సిన పని లేదు. ఈ రోజు అంతర్జాతీయ ఖగోళ సంఘం లెక్కలో ఆకాశం మొత్తం 88 మండలాలుగా ఉంది. ఊళ్ల సరిహద్దుల్లాగా వాటికి గీతలు గీసి ఉన్నాయి, ఆకాశంలో ఏ బిందువైనా ఏదో ఒక మండలంలోకి వస్తుంది. నక్షత్రగుచ్ఛం రెండో రకం. ఒకే వాయు మేఘం నుంచి కలిసి పుట్టి, ఒకదాని గురుత్వాకర్షణలో మరొకటి ఉంటూ, కలిసి ప్రయాణించే నక్షత్రాల గుంపు అది. కృత్తికలు అసలైన గుచ్ఛం. కంటికి ఆరో ఏడో కనిపిస్తాయి గానీ అందులో వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి. మన నుంచి సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం.

ఈ రెండూ ఒకదానిమీద ఒకటి ఎలా పడతాయో చూడాలంటే వృషభ రాశిలోనే కృత్తికల పక్కకి రండి. అక్కడ చుక్కలు తల్లకిందులైన గుడారంలా, రెండు గీతలు ఒక మూల దగ్గర కలిసినట్టు కనిపిస్తాయి. ఒక గీత చివర నారింజ రంగులో మెరిసేది రోహిణి. ఎవరు చూసినా రోహిణి ఆ గుంపులోదే అనుకుంటారు. కానీ ఆ గుంపు, దాని పేరు హయడీస్, మనకి సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రోహిణి 65 దగ్గరే ఉంది. అంటే దానికీ గుంపుకీ సంబంధం లేదు, దారిలో అడ్డంగా నిలబడిందంతే. సప్తర్షుల సంగతి ఇంకా బాగుంటుంది. ఏడింటిలో మధ్యలోని అయిదూ నిజంగానే ఒక కుటుంబం. ఇంచుమించు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఒకే వైపు, ఒకే వేగంతో వెళ్తున్నాయి. రెండు కొసల్లో ఉన్న క్రతువు, మరీచి మాత్రం వేరే. వాటి దూరాలు వేరు, వెళ్లే దిక్కూ వేరు. లక్ష ఏళ్ల తర్వాత చూసేవాళ్లకి ఆ బొమ్మ ఇలా ఉండదు.

దూరాల మాట వచ్చింది కాబట్టి కాంతి సంవత్సరం చూద్దాం. అది దూరమే, కాలం కాదు. కాంతి సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన ఏడాదిలో పోయే దూరం 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. దాన్నే ఒక కాంతి సంవత్సరం అంటాం. సూర్యుడి దగ్గర నుంచి వెలుగు మనకి చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సూర్యుడి తర్వాత మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ నుంచి 4.24 ఏళ్లు పడుతుంది. సౌరకుటుంబం లోపల ఇంత పెద్ద కొలత అక్కర్లేదు. అక్కడ భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న సగటు దూరాన్ని, అంటే సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లను, ఒక ఖగోళ ప్రమాణంగా తీసుకుంటారు.

మూడో కొలత పార్సెక్. దీన్ని చాలామంది 3.26 కాంతి సంవత్సరాలు అని బట్టీ పట్టి వదిలేస్తారు. అలా వదలకండి, నక్షత్రాల దూరం కొలిచే పద్ధతి మొత్తం అందులోనే ఉంది. చేయి చాపి బొటనవేలు నిలబెట్టండి. ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. వెనకున్న గోడ మీద వేలు పక్కకి జరిగినట్టు ఉంటుంది. వేలిని ముఖానికి దగ్గరగా తెస్తే ఇంకా ఎక్కువ జరుగుతుంది. నక్షత్రాలకీ ఇదే పని చేస్తారు. మన రెండు కళ్లకి బదులు, ఆరు నెలల తేడాతో భూమి తన కక్ష్యలో నిలిచే రెండు చోట్లు. దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల మీద అతి కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుడులో సగం కోణాన్ని పారలాక్స్ అంటారు. అది సరిగ్గా ఒక ఆర్క్ సెకను ఉంటే, అంటే డిగ్రీలో 3,600వ వంతు ఉంటే, ఆ నక్షత్రం ఒక పార్సెక్ దూరంలో ఉన్నట్టు. విచిత్రమేమంటే సూర్యుణ్ణి పక్కన పెడితే అంత దగ్గరగా ఒక్క నక్షత్రమూ లేదు. ప్రాక్సిమా కూడా 1.3 పార్సెక్‌ల అవతలే.

ఈ కోణాన్ని నమ్మకంగా కొలిచి మొదట ప్రకటించినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బెస్సెల్, 1838లో. ఆయన ఎంచుకున్నది హంస మండలంలోని 61 సిగ్ని అనే మసక చుక్క. వచ్చిన కోణం ఆర్క్ సెకనులో మూడో వంతు కన్నా కాస్త తక్కువ. నిండు చంద్రుడి వెడల్పుని ఆరు వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. ఫొటోగ్రఫీ సాయం లేకుండా, టెలిస్కోప్‌కి కన్ను పెట్టి దాన్ని పట్టుకున్నాడు. నక్షత్రాలు ఎంత దూరంలో ఉన్నాయో మనిషికి లెక్కతో సహా తెలిసింది ఆ రోజే. ఖగోళ చరిత్రలో టెలిస్కోప్ కనిపెట్టిన రోజు తర్వాత అంత గొప్ప రోజు ఇదేనని నా అభిప్రాయం. ఇదే పద్ధతితో 2013లో వెళ్లిన గాయా ఉపగ్రహం వంద కోట్లకి పైగా నక్షత్రాలను కొలిచింది.

ఇక ప్రకాశం. దీన్ని మాగ్నిట్యూడ్ అనే అంకెతో చెబుతారు. అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ రాసిపెట్టిన పట్టికలోనే నక్షత్రాలకి ఆరు తరగతులున్నాయి. బాగా వెలిగేవి ఒకటో తరగతి, కంటికి ఆనీ ఆననట్టు ఉండేవి ఆరో తరగతి. 1856లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త నార్మన్ పాగ్‌సన్ దీన్ని లెక్కలోకి తెచ్చి, అయిదు అంకెల తేడా అంటే వెలుగులో సరిగ్గా వంద రెట్ల తేడా అని పద్ధతి పెట్టాడు. ఒక్క అంకెకి సుమారు రెండున్నర రెట్లన్నమాట. ఇలా కొలిచేసరికి పాత ఒకటో తరగతిలో కొన్ని మిగతా వాటికన్నా చాలా ఎక్కువ వెలుగుతున్నాయని తేలింది. అవి సున్నాకి, సున్నా కన్నా కిందికి జరిగాయి. మైనస్ వచ్చింది అందుకే. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ఎక్కువగా వెలిగే నక్షత్రం సిరియస్ మైనస్ 1.46. శుక్రుడు బాగా వెలిగే రోజుల్లో మైనస్ 4.5 దాటుతాడు. నిండు చంద్రుడు మైనస్ 12.7, సూర్యుడు మైనస్ 26.7. మబ్బు, దీపాల వెలుగు లేని చీకటి చోట మామూలు కంటికి 6 వరకు అందుతుంది. నగరం మధ్యలో 3 అందితే గొప్ప.

ఈ అంకె కూడా ఇక్కడి నుంచి కనిపించేదాని గురించే చెబుతుంది. నిజమైన వెలుగు తెలియాలంటే అన్ని నక్షత్రాలనూ ఒకే దూరంలో నిలబెట్టి పోల్చాలి. ఆ దూరం 10 పార్సెక్‌లు అని ఒప్పుకున్నారు. అక్కడి నుంచి ఎంత వెలుగుతుందో దాన్ని పరమ మాగ్నిట్యూడ్ అంటారు. సూర్యుణ్ణి తీసుకెళ్లి అక్కడ పెడితే 4.8కి పడిపోతాడు. కష్టపడి వెతుక్కోవాల్సిన చిన్న చుక్క అయిపోతాడు.

దీన్ని మీ కళ్లతోనే చూడొచ్చు. రాత్రి ఆకాశంలో వెలుగులో మొదటి స్థానం సిరియస్‌ది, రెండోది అగస్త్య నక్షత్రానిది. దక్షిణ దిక్కున ఒకదానికింద ఒకటి ఉన్నట్టుంటాయి. చూడ్డానికి సిరియస్ స్పష్టంగా పెద్దన్న. కానీ సిరియస్ 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే అగస్త్యుడు సుమారు 310 దూరంలో ఉన్నాడు. సిరియస్ వెలుగు పాతిక సూర్యులంత. అగస్త్యుడి వెలుగు పది వేల సూర్యులకి అటూ ఇటూగా ఉంటుంది. రెంటినీ ఒకే దూరంలో పెడితే సిరియస్‌ని ఎవరూ పట్టించుకోరు.

నక్షత్రానికీ గ్రహానికీ తేడా "సొంత వెలుగు ఉన్నది నక్షత్రం" అని బడిలో చెబుతారు. తప్పు కాదు, కానీ ఆ వెలుగు ఎక్కడిదన్నదే అసలు విషయం. నక్షత్రం నడిబొడ్డున హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి హీలియం అవుతుంటాయి. సూర్యుడి కేంద్రంలో వేడి ఒకటిన్నర కోట్ల డిగ్రీలు. అక్కడ సెకనుకి సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. ఈ ప్రక్రియ నిలకడగా సాగాలంటే సూర్యుడి ద్రవ్యరాశిలో కనీసం 8 శాతం ఉండాలి. అంతకన్నా తక్కువైతే కేంద్రం సరిపడా వేడెక్కదు. గ్రహంగానూ, నక్షత్రంగానూ లెక్కకి రాకుండా మధ్యలో ఉండిపోయే అలాంటి వాటిని బ్రౌన్ డ్వార్ఫ్‌లు అంటారు. ఇంకో మాట, చుక్క మినుకుమంటుంటే నక్షత్రమనీ, నిలకడగా ఉంటే గ్రహమనీ గుర్తుపట్టే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు గ్రహాలు కూడా మినుకుమంటాయి, కాబట్టి బాగా పైకి వచ్చాక చూడండి.

గ్రహానికి నిర్వచనం 2006 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశంలో ఓటు వేసి ఖాయం చేశారు. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకి తానే గుండ్రంగా అయి ఉండాలి, తన దారిలో ఉన్న మిగతా వాటిని ఊడ్చేసి ఉండాలి. ప్లూటోకి మూడోది లేదు. దాని దారి పొడవునా అలాంటివి ఇంకెన్నో ఉన్నాయి. 2005లో ఇంచుమించు ప్లూటో అంతే ఉన్న ఎరిస్ బయటపడటంతో ఏదో ఒకటి తేల్చక తప్పలేదు. ప్లూటో, ఎరిస్, సెరెస్ ఇప్పుడు మరుగుజ్జు గ్రహాల్లో ఉన్నాయి. ఈ నిర్వచనం మీద ఇంకా వాదనలున్నాయి. మీరు దాని గురించి టెన్షన్ పడొద్దు, ప్లూటో దగ్గర మారిందేమీ లేదు. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగేవి ఎక్సోప్లానెట్లు. 1995లో సూర్యుడిలాంటి నక్షత్రం దగ్గర మొదటిది దొరికింది, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

నక్షత్రం రంగు దాని పైపొర వేడిని చెబుతుంది. ఎరుపు అంటే చల్లన, నీలం అంటే వేడి. మృగశిర ఉన్న ఒరాయన్ మండలంలో ఆర్ద్ర నారింజ రంగులో, దానికి ఎదురు మూలన రైజెల్ నీలి తెలుపులో ఉంటాయి. ఆర్ద్ర పైపొర సుమారు 3,300 డిగ్రీలు, సూర్యుడిది 5,500, రైజెల్‌ది 12,000 దగ్గర. బైనాక్యులర్ ఫోకస్ కాస్త చెడగొట్టి చూడండి, చుక్క చిన్న బిళ్లలా పరుచుకుని రంగు ఇంకా బాగా తెలుస్తుంది.

ఆయుష్షుని మాత్రం ద్రవ్యరాశే నిర్ణయిస్తుంది, అదీ మనం అనుకున్నదానికి తిరగబడి. బరువైన నక్షత్రానికి ఇంధనం ఎక్కువే గానీ ఖర్చు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే మహా బరువైనవి కొన్ని పదుల లక్షల ఏళ్లలో అయిపోతాయి. ప్రాక్సిమా లాంటి చిన్న ఎర్ర మరుగుజ్జులు విశ్వం ఇప్పటి వయసు, అంటే 1,380 కోట్ల ఏళ్ల కన్నా ఎంతో ఎక్కువ కాలం బతుకుతాయి. సూర్యుడికి ఇప్పుడు 460 కోట్ల ఏళ్లు. ఇంకో 500 కోట్ల ఏళ్లకి ఉబ్బి రెడ్ జెయింట్ అవుతాడు. తర్వాత పైపొరలు వదిలేసి, లోపలి గుండె మాత్రం భూమి అంత వైట్ డ్వార్ఫ్‌గా మిగులుతుంది. సిరియస్ పక్కన అలాంటిది ఒకటి ఇప్పటికే ఉంది, 1862లో మొదటిసారి టెలిస్కోప్‌లో కనబడింది. వైట్ డ్వార్ఫ్ మోయగల బరువుకి ఒక హద్దు ఉంది. సూర్యుడికి 1.4 రెట్ల దగ్గర దాని బలం అయిపోతుంది. ఈ హద్దుని కనిపెట్టింది సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1930లో, ఇరవై ఏళ్లు కూడా నిండకముందు ఓడలో ఇంగ్లండ్ వెళ్తూ ఆ లెక్క మొదలుపెట్టాడు. 1983లో నోబెల్ వచ్చింది.

పుట్టుకతోనే సూర్యుడికి ఎనిమిది రెట్లు, ఆపైన బరువున్నవి సూపర్‌నోవాగా పేలతాయి. 1054లో చైనా పరిశీలకులు ఒక కొత్త చుక్కని పట్టపగలు కూడా చూసి రాసిపెట్టారు. అదే చోట ఈ రోజు క్రాబ్ నీహారిక అనే వాయు మేఘం ఉంది. దాని మధ్యలో, పేలిన నక్షత్రం గుండె నలిగి మిగిలిన, ఒక నగరమంత వెడల్పు కూడా లేని న్యూట్రాన్ తార సెకనుకి 30 సార్లు తిరుగుతోంది. ఇలా తిరుగుతూ క్రమం తప్పకుండా తళుక్కుమనే వాటిని పల్సార్లు అంటారు. 1967లో జోసెలిన్ బెల్ మొదటిదాన్ని పట్టుకుంది.

ఇంకా బరువైన గుండె మిగిలితే దాన్ని ఏదీ ఆపలేదు, బ్లాక్ హోల్ అవుతుంది. మీ ప్రశ్నకి జవాబు: లాగేసుకోదు. దూరం నుంచి దాని గురుత్వాకర్షణ, అంతే ద్రవ్యరాశి ఉన్న నక్షత్రానిది ఎంతో అంతే. సూర్యుడి చోట సూర్యుడంత బరువున్న, మూడు కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న బ్లాక్ హోల్ పెడితే భూమి చీకట్లో గడ్డకడుతుంది గానీ అదే కక్ష్యలో తిరుగుతూ ఉంటుంది. దీనికి ప్రత్యక్ష సాక్ష్యమూ ఉంది. మన గెలాక్సీ మధ్యలో 40 లక్షల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ ఉంది. ఎస్2 అనే నక్షత్రం దాని చుట్టూ 16 ఏళ్లకో చుట్టు తిరుగుతోంది. ఒక పూర్తి చుట్టుని శాస్త్రవేత్తలు మొదటి నుంచి చివరి దాకా చూశారు. బాగా దగ్గరికి వెళ్తేనే ప్రమాదం. ఒక హద్దు దాటాక కాంతి కూడా వెనక్కి రాలేదు, ఆ హద్దు పేరు ఈవెంట్ హొరైజన్.

నీహారిక, గెలాక్సీ కలిసిపోవడంలో మీ తప్పు లేదు. వంద ఏళ్ల కిందటి వరకు శాస్త్రవేత్తలకీ ఆ తేడా తేలలేదు. టెలిస్కోప్‌లో రెండూ మసక మరకలే. నీహారిక అంటే గెలాక్సీ లోపల ఉండే వాయువు, ధూళి. ఒరాయన్ నీహారిక నక్షత్రాలు పుడుతున్న చోటు, సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. క్రాబ్ నీహారిక నక్షత్రం చచ్చిన చోటు. ప్లానెటరీ నెబ్యులా అనే మాట చూసి గ్రహాలు వెతకొద్దు. పాత టెలిస్కోప్‌లలో గ్రహంలా గుండ్రంగా కనిపించిందని పెట్టిన పేరది, సూర్యుడిలాంటి నక్షత్రం వదిలిన పైపొరలే అవి. గెలాక్సీ అంటే వేల కోట్ల నక్షత్రాలు, వాయువు, ధూళి, నీహారికలు, గుచ్ఛాలు అన్నీ కలిసిన మొత్తం. మనది పాలపుంత, సుమారు లక్ష కాంతి సంవత్సరాల వెడల్పు.

ఆండ్రోమెడా అనే మసక మరక మన గెలాక్సీ లోపలిదా, బయటిదా అన్న వాదన 1920ల్లో తేలింది. కొన్ని నక్షత్రాల వెలుగు క్రమంగా పెరిగి తగ్గుతుంది, వాటిని సెఫీడ్లు అంటారు. ఒకసారి పెరిగి తగ్గడానికి ఎంత ఎక్కువ సమయం పడితే నిజమైన వెలుగు అంత ఎక్కువని హెన్రియెట్టా లెవిట్ 1912లో చూపించింది. నిజమైన వెలుగు తెలిసి, కనిపించే వెలుగూ తెలిస్తే దూరం వచ్చేస్తుంది. 1923లో ఎడ్విన్ హబుల్‌కి ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ దొరికింది. లెక్క వేస్తే పాలపుంతకి చాలా అవతల తేలింది. ఈ రోజు మనకి తెలిసిన దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. చీకటి రాత్రి అది మామూలు కంటికే కనిపిస్తుంది.

చిన్న వాటిని త్వరగా చెప్పేస్తాను. గ్రహశకలాలు రాళ్లు, లోహాలు, ఎక్కువగా కుజుడికీ గురుడికీ మధ్య తిరుగుతాయి. తోకచుక్కలు మంచు, ధూళి. తోక పరుగుకి వెనక కాదు, ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపుకి, దూరంగా చాచి ఉంటుంది. హేలీ 1986లో వచ్చింది, మళ్లీ 2061లో. గాలిలో మండుతూ గీతలా పోయేది ఉల్క, చాలాసార్లు ఇసుక రేణువంత. మండగా మిగిలి నేల మీద పడిన రాయి ఉల్కాశిల. "నక్షత్రం రాలింది" అంటారు గానీ ఏ నక్షత్రమూ రాలదు.

ఇక ఒక్కో పుస్తకంలో ఒక్కో సంఖ్య. ఆర్ద్రనే తీసుకోండి. 1997 కొలతలతో సుమారు 430 కాంతి సంవత్సరాలు, 2008లో 640, 2020లో 550 దగ్గర అని వచ్చింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆర్ద్ర ఎంత పెద్దదంటే దాని బిళ్ల వెడల్పే దాని పారలాక్స్ కన్నా ఎన్నో రెట్లు. పైగా ఆ పైపొర మరుగుతూ ఉంటుంది, వెలుగు మధ్యబిందువు అటూ ఇటూ జరుగుతుంది. అలాంటిదాని చిన్న జరుగుడుని కొలవడం చాలా కష్టం. గాయాకి చూద్దామంటే వెలుగు మరీ ఎక్కువ. సిరియస్‌కి ఈ బాధ లేదు, అది దగ్గరిది, కోణం పెద్దది, ఏ పుస్తకంలో చూసినా 8.6 ఉంటుంది. కాబట్టి దగ్గరి నక్షత్రాల సంఖ్యలను నిశ్చింతగా రాసుకోండి. వందల కాంతి సంవత్సరాలు దాటిన వాటికి సంఖ్య పక్కన అది ఏ ఏడాది కొలతో కూడా రాసుకోండి, రెండు ఉంటే కొత్తది తీసుకోండి.